ఏ నీళ్ల నుంచి ఇరవై అంగలు?

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొలవని వస్తువు లేదు. నాన్న బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మిషను మీద పనిచేసేవాడు. అక్కడ పాతబడి పక్కన పడేసిన స్టీలు స్కేలు ఒకటి తెచ్చి నాకిచ్చాడు. మూసాపేటలో మేం కిరాయికి ఉన్న రెండు గదుల పొడవు, వెడల్పు, గడప ఎత్తు, నానమ్మ మంచం కోళ్ల మధ్య దూరం, అన్నీ నా నోట్‌బుక్‌లో ఉండేవి. కొలవడానికి ఇంకేమీ మిగలక జాబితాలు రాయడం మొదలుపెట్టాను. చేసిన పనికి గీత కొట్టేదాకా నాకు కుదురుండేది కాదు. గీత కొట్టగానే మనసు తర్వాతి పని మీదికి ఉరికేది.

ఐదో తరగతి అయిపోయిన సెలవుల్లో మా వీధివాళ్లు కలిసి బస్సు మాట్లాడుకుని సముద్రం చూడడానికి వెళ్లారు. నాన్నకు సెలవు దొరకలేదు. తమ్ముడికి జ్వరమని అమ్మ ఆగిపోయింది. నేనూ నానమ్మా పక్కింటి అత్తయ్య వెంట బయల్దేరాం. అత్తయ్యది కాకినాడ వైపు. సముద్రం పక్కనే పెరిగిన మనిషి. మా నానమ్మ చెరువులు తప్ప వేరే నీళ్లు ఎరగదు. ఆ ఏడాదే ఆమె రెండు కళ్లకూ శుక్లాలు తీశారు. మందపాటి అద్దాలు ఇచ్చారు. అవి లేకపోతే ఎదురుగా ఉన్న మనిషి ముఖం కూడా ఆమెకు మసకే. అద్దాలు వచ్చిన రోజున, "ఇగ సముద్రం ఒక్కటి సూస్తే సాలు" అన్నది. ఆ మాట కోసమే నాన్న మమ్మల్ని పంపాడు.

రాత్రంతా ప్రయాణం చేసి పొద్దున ఎనిమిదింటికి దిగాం. తీరం వెంట పెద్ద పార్కు. సరుగుడు తోటలో నడక బాటలు, బాటల పక్కన నంబర్లు వేసిన బోర్డులు, మధ్యలో ఒక చెక్క వంతెన, తోట దాటితే ఇసుక. మధ్యాహ్నం రెండింటికి బస్సు తిరిగి బయల్దేరుతుందని డ్రైవరు చెప్పాడు. ఆరు గంటలు. నా జాబితాలో పదకొండు పనులు. అప్పుడే లెక్క వేసుకున్నాను, ఒక్కోదానికి అరగంట చొప్పున ఐదున్నర గంటలు.

ఇసుక మొదలయ్యే చోట నానమ్మ ఆగిపోయి అద్దాలు తీసేసింది. ముందు సముద్రానికి మొక్కాలట, తర్వాతే చూడాలట. అల కొడితే అద్దాలు కొట్టుకుపోతాయన్న భయం కూడా ఉంది. డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది. "జర పైలంరా. కాళ్లు తడుపుకొనొచ్చి, నిమ్మళంగ కూసోని సూస్త."

అత్తయ్య చేయి పట్టుకుని ఆమె నీళ్లవైపు నడిచింది. నేను ఒంటి కాలి మీద నిలబడ్డాను. డబ్బా జేబులో పెట్టుకుంటే పరుగులో పడిపోతుంది. సంచిలో పెడితే సంచినే ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. రెండూ కొట్టేశాక మిగిలింది ఇసుక. తోట అంచున కనిపించే మూడో నంబరు బోర్డుకు సూటిగా, నీళ్ల అంచు నుంచి సరిగ్గా ఇరవై అంగలు కొలిచి, డబ్బాను పాలిథిన్ కవరులో చుట్టి మోచేతి లోతున పాతిపెట్టాను. జాగా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. జాబితా చివర ఇంకో పని చేర్చాను. పన్నెండు: నానమ్మ అద్దాలు.

ఇక పరుగే. తోట బాట చివరిదాకా వెళ్లి రావడం, వంతెన పలకలు లెక్కపెట్టడం, పీత బొరియలు, పడవలు, పది రకాల గవ్వలు. ఏ పనిలోనూ నేను లేను, ఎప్పుడూ దాని తర్వాతి పనిలోనే ఉన్నాను. వంతెన మీద ఉండగా పీతలు, పీతల దగ్గర ఉండగా గవ్వలు. ఏడో పని తర్వాత నానమ్మ కూర్చున్న సిమెంటు బెంచీ ముందు నుంచే వెళ్లాను. చీర కుచ్చిళ్లు అప్పటికే ఆరిపోయి ఉన్నాయి. అడుగుల చప్పుడుతోనే నన్ను పోల్చుకుంది.

"అయిపోయిందా బిడ్డా?"

"ఇంకా ఐదున్నాయి నానమ్మా!"

"సరే పో. నేను సప్పుడు ఇనుకుంట కూసున్న."

ఆ ఐదింటిలో చివరిది ఆమె అద్దాలే. అయినా వరుస తప్పించాలని నాకు తోచలేదు.

పన్నెండో పని దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంటన్నర. బోర్డుకు సూటిగా నిలబడి, నీళ్ల నుంచి ఇరవై అంగలు వేసి తవ్వాను. తడి ఇసుక. ఇంకొంచెం లోతుకు పోతే నీరూరింది. కుడివైపు తవ్వాను, ఎడమవైపు తవ్వాను. ఏడు గుంటలు. గోళ్లు మండుతున్నాయి. అవతల బస్సు హారన్ కొట్టారు. నానమ్మ అద్దాలు పోయాయి. ఆమె సముద్రం దాకా వచ్చి సముద్రం చూడకుండా తిరిగి వెళ్లబోతోంది.

అత్తయ్య నానమ్మను చేయి పట్టుకుని తీసుకొచ్చింది. "ఏంటి నాన్నా, ఇసుకంతా కుళ్లబొడిచేస్తున్నావు?"

నేను నోరు తెరిచేలోపే నానమ్మే అందుకుంది. "నేనే అద్దాలు యాడనో పెట్టి మర్సిన. పాపం, పోరడు ఎతుకుతుండు."

ఆమె నన్ను కాపాడుతోందని తెలిసింది. తిట్టి ఉంటే ఏడ్చేవాణ్ణి కాదు. ఏడుస్తూనే నోట్‌బుక్ తీసి అత్తయ్యకిచ్చాను. ఆమె ఆ పేజీ చదివింది.

"ఏ నీళ్ల నుంచి కొలిచావు?"

"ఈ నీళ్ల నుంచే."

అత్తయ్య నవ్వు ఆపుకుంది. "పొద్దున ఈ నీళ్లు ఇక్కడ లేవురా! ఇది ఆటు వేళ. నువ్వు తిరిగొచ్చేలోగా సముద్రం వెనక్కి జరిగిపోయింది."

పొద్దుటికీ మధ్యాహ్నానికీ అంచు మారని చెరువులు చూసి పెరిగినవాణ్ణి. నీళ్లు నడుస్తాయని నాకు ఎవరూ చెప్పలేదు. అత్తయ్య నన్ను పైకి తీసుకెళ్లి చూపించింది. ఎండిన నాచు, పుల్లలు, గవ్వ ముక్కలు కలిసి తీరం పొడవునా ఒక గీత. పొద్దున అలలు అక్కడిదాకా వచ్చి వదిలిపెట్టిన గుర్తు. ఆ గీత నుంచి ఇరవై అంగలు వేశాను. రెండో గుంటలో పాలిథిన్ కవరు చేతికి తగిలింది.

నానమ్మ ఇసుకలోనే కూర్చుని, అద్దాలు కొంగుతో తుడుచుకుని పెట్టుకుంది. ఈ చివర నుంచి ఆ చివరిదాకా తల తిప్పి చూసింది. తర్వాత అడిగింది. "దీని కొస యాడుందిరా?"

"కొస లేదు నానమ్మా."

"గట్లెట్ల ఉంటది? నువ్వు అన్నీ కొలుస్తవ్ గద. కొలువు మరి."

అత్తయ్య పగలబడి నవ్వింది. నేను నిలబడి చూశాను. ఆ రోజు మొత్తంలో చేయడానికి ఏ పనీ లేకుండా నిలబడింది అప్పుడే. డ్రైవరు తోట అంచుకొచ్చి కేకేశాడు. "అమ్మా, ఇగ నడువుండ్రి, లేటైతుంది!"

"సాలురా, పోదాం" అని లేచింది నానమ్మ. నా చేతి గడియారం చూసుకున్నాను. పదకొండు నిమిషాలు. ఐదు గంటలకు పైగా చప్పుడు వింటూ కూర్చున్న మనిషి పదకొండు నిమిషాలు చూసి సరిపెట్టుకుంది. ఆమెను మళ్లీ సముద్రానికి తీసుకెళ్లే వీలు మాకు రాలేదు.

ఇంటికొచ్చాక నాన్నతో అంతా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. "బిగించకుండ కొలిస్తే గట్లనే అయితది. ముందు మిషను మీద ముక్క కదలకుండ బిగించాలె, అటెన్క స్కేలు పెట్టాలె" అని మాత్రం అన్నాడు.

ఇప్పుడు నాకు హైటెక్ సిటీలో ఉద్యోగం. మీటింగులో ఎవరైనా ఈ పని మూడు వారాల్లో అవుతుందంటే, ఎప్పటి నుంచి మూడు వారాలని అడుగుతాను. చాదస్తమని నవ్వుతారు. అత్తయ్య అడిగిన ప్రశ్ననే నేను అడుగుతున్నానని వాళ్లకు తెలియదు. జాబితాలు రాయడం కూడా మానలేదు. అయితే రాయడం పూర్తయ్యాక కింది నుంచి పైకి చదువుతాను. తొందరలో చివరన పడేసిన పేరు ఎవరిదో మొదట చూసుకుంటాను.

ఇవాళ్టి జాబితాలో పదిహేడు పనులున్నాయి. పదిహేడోది, అమ్మకు కంటి పరీక్ష. మిగతా పదహారూ అలాగే ఉన్నాయి. బల్ల కింద నా కాలు ఊగుతూనే ఉంది. అమ్మకు ఫోన్ చేసి, తయారుగా ఉండు, వస్తున్నానని చెప్పాను.