వాగవతలి నీళ్లు

అరవయ్యో దశకం మొదట్లో నల్లగొండలో కెమిస్ట్రీ చెప్పే లెక్చరర్ని నేను. చుట్టుపక్కల ఊళ్ల బావినీళ్లు పరీక్షించి, ఏ ఊళ్లో ఫ్లోరైడ్ ఎంతుందో పట్టిక వేసి ఒక వ్యాసం రాశాను. అది జర్నల్లో అచ్చయ్యాక ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. ఆ రోజుల్లో వ్యాసం కావాలంటే రాసినవాడికే కార్డు రాసి ప్రతి అడిగేవారు. విదేశీ స్టాంపుతో కార్డు వస్తే చాలు, చొక్కా జేబులోంచి బయటికి కనిపించేలా పెట్టుకుని కాలేజీ అంతా తిరిగేవాణ్ణి. "మళ్లొచ్చిందా సారూ? జేబు చినుగుతది, జర సూస్కోండ్రి" అని ప్యూను కూడా ఆటపట్టించేవాడు.

మొదట కెమిస్ట్రీ వాళ్లే అడిగారు. తర్వాత ఒక డాక్టరు అడిగాడు. నా శాస్త్రం దాటి వైద్యంలోకి వెళ్లానని ఇంట్లో పాయసం చేయించాను. కొన్నాళ్లకు ఆయన వ్యాసం వచ్చింది. నా పట్టికలోని ఒక ఊరి గురించే రాశాడు. నడుములు వంగి, మెడ తిప్పలేని మనుషుల ఫోటోలు. ఆ ఊరి నీళ్లలో దోషం లేదని ఫలానా పరిశోధకుడు ఇదివరకే తేల్చాడు కనుక జబ్బుకు కారణం తిండిలో వెతకాలన్నాడు. ఫలానా అంటే నేనే. నా పేరు చూసుకుని మురిశాను గానీ, ఆ ఫోటోలు రెండోసారి చూడబుద్ధి కాలేదు.

ఆర్నెల్లకు ఇంజనీర్ల నివేదిక ఒకటి చేతికొచ్చింది. వాగవతలి మంచినీళ్ల బావి నుంచి ఆ ఊరికి గొట్టాలు వేసే పని ఆపేశారట. అందుకు ఆధారాలు రెండు: నా వ్యాసం, నన్ను నమ్మి రాసిన డాక్టరు వ్యాసం. చూడ్డానికి ఇద్దరు సాక్షులు, నిజానికి ఉన్నది నేనొక్కణ్ణే. చుట్టూ అన్ని ఊళ్ల నీళ్లూ చెడ్డవైతే నడుమ ఈ ఒక్క ఊరివి ఎట్లా మంచివయ్యాయని నాకెందుకు తట్టలేదు?

ఆదివారం బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. మొదటిసారి పరీక్షకు నీళ్లు పట్టుకెళ్లడానికి వచ్చినప్పుడు నాకు సీసా నింపి తెచ్చిన అవ్వ గుర్తుంది. ఎండకు తాళలేక ఆమె అరుగు మీద చేరగిలబడి, సీసా ఆమె చేతికిచ్చాను. మహా పరిశోధకుణ్ణి కదా, బావిదాకా నడిచి చేద వేయలేకపోయాను! ఆమె చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. నేను హాయిగా కునుకు తీశాను.

ఈసారీ నవ్వుతూనే ఎదురొచ్చింది. "కూసోండ్రి సారూ, ఎండల వడి వచ్చిన్రు" అంటూ మూలనున్న చిన్న కుండలోంచి నీళ్లు వంచి ఇచ్చింది. తియ్యగా ఉన్నాయి. అంతలో ఆమె మనవరాలు, నాలుగైదేళ్ల పిల్ల, గోడ పట్టుకుని వచ్చింది. మోకాళ్లు లోపలికి తిరిగి ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి. వాకిట్లోని పెద్ద కాగులో గిన్నె ముంచుకుని గటగటా తాగింది.

"పిల్లకూ ఈ కుండలోవే ఇవ్వొచ్చుగా అవ్వా?"

"గవి వాగవతల్నుంచి తెచ్చిన నీళ్లు సారూ. సుట్టాలొస్తె ఇచ్చెతందుకు దాసిపెడ్త. మాకు గీ ఊరబావియే."

తాగుతున్న నీళ్లు కింద పెట్టాను. "మరి అప్పుడు నా సీసాలో?"

"అయ్యో, గట్లడుగుతరేంది! ఇంటికొచ్చిన సారు సీసల గా సౌడు నీళ్లు పోసి ఇజ్జత్ తీస్కుంటమా? వాగు దాటిపోయి నింపుకొచ్చిన."

ఎంత గర్వంగా చెప్పిందో! నాకు ఏడుపొచ్చింది. ఊరబావి నీళ్లు పిల్లకు పట్టొద్దని, దాని కాళ్లు వాటివల్లే అట్లయ్యాయని చెప్పాను. ఆమె నమ్మలేదు.

"మంచిగున్నయని మీరే రాసిన్రంట గద సారూ. గొట్టాలెందుకేయలేదని అడుగవోతె దఫ్తర్ల గదే సెప్పిన్రు."

మర్నాడే తప్పు ఒప్పుకుంటూ జర్నల్‌కు రాశాను. డాక్టరుకూ రాశాను, జవాబు లేదు. ఇంజనీర్ల ఆఫీసుకు పరుగెత్తితే, "అచ్చైన కాయితం తేండ్రి సారూ, సూద్దాం" అన్నారు. అచ్చయ్యేసరికి ఏడాది దాటింది. చివరి పేజీ అడుగున నాలుగు లైన్లు. దానికోసం ఒక్కరూ కార్డు రాయలేదు. అది పట్టుకుని వెళితే, ఆ గొట్టాలు వేరే ఊళ్లో పాతేశామన్నారు.

తర్వాత డాక్టరు రెండో వ్యాసం లైబ్రరీకి వచ్చింది. ఫోటోలో ఆ పిల్లే. నిలబడలేదు, నేలమీద కూర్చోబెట్టి తీశారు. జబ్బుకు కారణం ఇంకా తెలియలేదని కింద రాశాడు. చివర ఆధారాల జాబితాలో మొట్టమొదటిది నా పాత వ్యాసం.