పగలు పచ్చ, దీపానికి కెంపు

ఆ రోజుల్లో, అంటే చదువు ముగిసి ఉద్యోగం ఇంకా మొదలుకాని రోజుల్లో, నాకున్నంత జ్ఞానం మా చుట్టుపక్కల ఇంకెవరికీ ఉండేది కాదు. భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి తిరువూరు వచ్చేసి, బస్టాండు దగ్గర మా పెదనాన్న నడిపే రాళ్ల కొట్లో కూర్చున్నాను. రాళ్లంటే ఉంగరాల్లో పొదిగే జాతిరాళ్లు. ముత్యం కోసం వచ్చినవాళ్లకి కూడా వజ్రం ఎందుకంత గట్టిదో విడమరిచి చెప్పేదాన్ని. (కొందరు ముత్యం కొనకుండానే వెళ్లిపోయేవారు. పెదనాన్న లేచి ఫ్యాను వేగం పెంచేవారు.)

ఒకరోజు వినగడప నుంచి మామిడితోట బాబాయి, పిన్ని వచ్చారు. బాబాయి పెదనాన్నకి పాత స్నేహితుడు, ఆ వరసలోనే నాకు బాబాయి. బాబాయి జాతకంలో బుధుడు బాగాలేడనీ, పచ్చ పెట్టుకుంటే మంచిదనీ ఎవరో చెప్పారట. పెదనాన్న పచ్చల పొట్లం విప్పితే, అందులోంచి పిన్ని ఒక చిన్న ఆకుపచ్చ రాయిని ఏరింది. వారంలో ఉంగరం తయారైంది.

నాలుగు రోజులకి బాబాయి ఒక్కడే వచ్చి, కొట్లో ఇంకెవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మాయ్, సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంటుంటే ఈ రాయి ఎర్రగా కనిపిస్తోంది. ఏంటంటావ్?" నేను ఉంగరాన్ని ట్యూబులైటు కింద తిప్పి చూశాను. నిక్షేపంలాంటి పచ్చ రంగు. ఆయన మీద జాలి కలిగింది. "రాయి రంగు మారదండి బాబాయి గారూ, ఓసారి కళ్లు చూపించుకోండి" అన్నాను. ఆయన బుద్ధిమంతుడు, మర్నాడే విజయవాడ బస్సెక్కాడు. ఎడమ కంట్లో శుక్లం మొదలైందని అక్కడి డాక్టరు చెప్పారు. ఆ కబురు విన్నాక నా కాళ్లు నేల మీద ఆనలేదు. రాయిని చూసి రోగం కనిపెట్టానని నా గురించి నేనే మూడిళ్లలో చెప్పుకున్నాను.

ఆ తర్వాతి వారం మిట్టమధ్యాహ్నం పిన్ని వచ్చింది. ఉంగరంతో పాటు సంచిలోంచి ఒక ప్రమిద, వత్తి, చిన్న సీసాలో నూనె తీసి బల్ల మీద పెట్టింది.

"ఆయనకి శుక్లమన్నారు, సరే. నేనింకా సూదిలో దారం ఎక్కిస్తున్నానమ్మా. నాకూ ఎర్రగానే కనిపిస్తోంది. మరి నాకేం రోగమో చెప్పు" అంది.

పెదనాన్న షట్టరు దించి లైటు ఆర్పారు. పిన్ని ప్రమిద వెలిగించి ఉంగరాన్ని దగ్గరగా పట్టుకుంది. రాయి దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది.

నా నోట మాట రాలేదు. (ఆ కొట్లో అది మొదటిసారి.) నిజానికి అది నాకు తెలియని రాయి కాదు. అలెగ్జాండ్రైట్. పరీక్షలో రాశాను కూడా. అల్యూమినియం, బెరీలియం, ఆక్సిజన్ కలిసిన క్రైసోబెరిల్ అనే ఖనిజంలో బహు అరుదైన రకం. మన వైడూర్యానికి స్వయానా తోబుట్టువు. గట్టితనంలో వజ్రం, కెంపు, నీలాల తర్వాత వరసలో దాదాపు దీన్నే చెప్పుకోవాలి. అందులో ఉండే రవ్వంత క్రోమియం వల్ల పగటి వెలుగులోనూ ట్యూబులైటు కిందా పచ్చగా, దీపం వెలుగులో ఎర్రగా కనిపిస్తుంది. ఇదంతా రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. తీరా ఆ రాయి నడిచి నా దగ్గరికే వస్తే, దాని యజమానిని కళ్ల డాక్టరు దగ్గరికి పంపాను.

తడబడుతూ ఆ సంగతంతా చెప్పాను. పెదనాన్న పిన్ని వైపు తిరిగి, "తప్పు నాదేనమ్మా. పచ్చల్లో కలిసి వచ్చింది, నేను పోల్చుకోలేదు. మీకు కావాలంటే అసలు పచ్చే ఇస్తాను. కానీ ఒకటి చెప్పాలి, ఇది పచ్చ కన్నా అరుదైంది, విలువైంది. తొందరపడి వెనక్కి ఇవ్వకండి" అన్నారు. అలాంటి రాయి చేతికందే దూరంలో ఉండగా ఆ మాట చెప్పడానికి ఎంత గుండె కావాలో నాకప్పుడు తెలియలేదు.

పిన్ని ఇంటికెళ్లి బాబాయితో చెప్పింది. ఆయన రెండు రోజులు ఆలోచించి ఫోన్ చేశాడు. "పగలు పచ్చలా బుధుడికి, సాయంత్రం కెంపులా సూర్యుడికి. ఒక్క ఉంగరంతో ఇద్దరూ సర్దుకుంటారు, ఉండనివ్వండి" అన్నాడు. హైదరాబాదులో పరీక్ష చేయిస్తే అది అలెగ్జాండ్రైటేనని కాగితం కూడా వచ్చింది.

నేను క్షమాపణ చెప్పడానికని షేర్ ఆటో ఎక్కి వినగడప వెళ్లాను. "నువ్వు పంపబట్టేగా శుక్లం సంగతి బయటపడింది" అని బాబాయి నన్నే ఓదార్చాడు. పిన్ని మామిడిపండు ముక్కలు పెట్టింది. సంధ్య వేళకి దేవుడి గదిలో దీపం వెలిగించి ఉంగరం నా చేతికిచ్చింది. కిటికీ వైపు జరిపితే పచ్చ, దీపం వైపు జరిపితే ఎరుపు. ఎన్నిసార్లు జరిపానో. వివరంగా రాసుకుందామని నోటుబుక్కు తీసుకెళ్లాను కానీ, ఇంటికొచ్చి చూసుకుంటే అందులో ఒక్క మాటే ఉంది: "బాగుంది."

ఇప్పుడు నేను రాళ్ల మీద నలభై పేజీల నివేదికలు రాస్తుంటాను. వాటిలో అన్నీ ఉంటాయి, ఆ ఒక్క మాట తప్ప. అప్పటి నేను, ఆ తెలివితక్కువ పిల్ల, ఎక్కడైనా ఎదురైతే, దాని చేత ఒక్క పేజీ రాయించుకోవాలని ఉంది.