పన్ను సమస్యలకు శుక్రవారం సలహా

2015 ఫిబ్రవరిలో మా కంపెనీ నన్ను ఒమాన్‌లోనే నిజ్వా బ్రాంచి నుంచి రూవి హెడ్డాఫీసుకు సీనియర్ అకౌంటెంటుగా మార్చింది. యాభై రెండేళ్లకే రిటైరై ఖాళీగా కూర్చుని రాస్తున్నాను కాబట్టి, నా కథల్లోంచి ముప్పై శాతం టీడీఎస్ ముందే పట్టుకుని చదువుకోండి. టీడీఎస్ అంటే సొమ్ము మన చేతికి రాకముందే ఇచ్చేవాడు కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను. అక్కడి మత్రా రేవులో ఎండకు చేపలు సముద్రంలోనే వేగిపోయేవని నేనంటే కోసుకోండి గానీ, రమణమ్మ సంగతిలో కోతల్లేవు.

ఒమాన్‌లో అప్పుడు జీతం మీద పన్ను లేదు. మనవాళ్ల సందేహాలన్నీ ఇండియా గురించే. ఇక్కడి జీతానికి అక్కడ కట్టాలా, ఊళ్లో అద్దె వస్తే చూపించాలా, నాన్న ఆస్తి వస్తే ఎంత పోతుంది. రోజూ ఎవరో ఒకరు మెట్ల మీద ఆపి అడుగుతుంటే, శుక్రవారం సెలవు పూట మా బిల్డింగు కింద టైలరు షాపులో రెండు గంటలు కూర్చోవడం మొదలుపెట్టాను. అట్టముక్క మీద నేనే రాశాను: ‘పన్ను సమస్యలకు శుక్రవారం ఉచిత సలహా.’

మూడో శుక్రవారం ఒకామె కొంగు చెంపకు అదుముకుని వచ్చి కూర్చుంది. పేరు రమణమ్మ, కడప జిల్లా, ఒక ఇంట్లో వంటపని. నా పద్ధతి ప్రకారం వివరాలు రాసుకోవడం మొదలుపెట్టాను.

“ఎప్పటినుంచి ఉందమ్మా సమస్య?”

“నెలాయె సార్.”

“నోటీసు వచ్చిందా?”

“రాలే సార్. వాపొచ్చింది.”

“ఇండియాలోదా, ఇక్కడిదా?”

ఆమె నన్ను జాలిగా చూసింది. “నోట్లోది సార్. పీకుతావా, మందిస్తావా?”

టైలరు కత్తెర కింద పెట్టి మరీ నవ్వాడు. పై అంతస్తులో ఉండే గ్రేస్ సిస్టర్‌ను పిలిపించాను. బాపట్ల వైపు మనిషి, ఆస్పత్రిలో నర్సు. దిగి వచ్చి నోరు చూసి, మర్నాడు తనకు తెలిసిన డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్తానంది. “ఆ బోర్డు మార్చండి మాస్టారూ, డ్యూటీ దిగాక కూడా నాకు డ్యూటీ పడుతోంది,” అని నాకో చురక వేసింది.

ఆదివారం లోపు వాపు తగ్గాలని రమణమ్మ పట్టుబట్టింది. ఇక్కడ ఆదివారం పనిదినమే, ఆ రోజు ఎంబసీలో సంతకం ఉందట. ఉబ్బిన మొహం పాస్‌పోర్టు ఫోటోతో సరిపోదని వెనక్కి పంపుతారేమోనని ఆమె భయం. ఏం సంతకమని అడిగితే కవర్లోంచి కాగితాలు తీసింది.

అది పవరాఫ్ అటార్నీ, అంటే మన బదులు సంతకం చేసే అధికారం ఇంకొకరికివ్వడం. విదేశంలో ఉన్నవాళ్లు ఎంబసీ అధికారి ఎదుట సంతకం చేస్తే ముద్ర వేసిస్తారు. తల్లిదండ్రులు వీలునామా లేకుండా పోయారు. రాయచోటి బస్టాండు దగ్గర రెండు కొట్లున్నాయి, అన్నాచెల్లెళ్లకు చెరిసగం. ఆమె వాటాను అన్న తన పేరనే విడుదల రాసుకోవచ్చని, అంటే ఆమె హక్కు వదులుకున్నట్టు రిజిస్టరు చేసుకోవచ్చని, రెండో పేజీ అడుగున ఉంది.

“నా పేరున ఉంటే సగం పన్నుకే పోతాదంట, ఈడి జీతం కూడా పట్టుకుంటారంట. దస్తావేజు రాసేటాయన చెప్పినాడని అన్న అన్న్యాడు,” అంది. ఎప్పటికైనా వెళ్లిపోయి అందులో ఒక కొట్లో దోసెలు పోసుకు బతకాలనుకుందట. పన్ను కట్టే శక్తి లేక వదులుకుంటోంది.

వారసత్వంగా ఆస్తి వచ్చినందుకు మన దేశంలో పన్ను లేదు, ఎప్పుడో ఎత్తేశారు. అద్దె వస్తే అది ఆదాయం. ఆమెకు అక్కడ మొత్తం ఆదాయం రెండున్నర లక్షలు దాటితేనే పన్ను. అమ్మితే లాభం మీద పన్ను. ఒమాన్‌లో పనిచేసి ఇక్కడే అందుకున్న జీతానికి, ఈ కొట్లకు ఏ సంబంధమూ లేదు. ఇదంతా రెండుసార్లు చెప్పించుకుని, ఆమె అన్నకు ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.

అతను మర్యాదగానే విన్నాడు. విని అడిగాడు, “అట్లయితే సార్, పన్ను లేనప్పుడు సంతకం పెట్టినా పెట్టకపోయినా ఒకటే గదా?”

“పన్నుకు ఒకటే నాయనా, కొట్టుకు ఒకటి కాదు,” అన్నాను.

రమణమ్మ ఫోన్ లాక్కుంది. “అన్నా, ఒక కొట్టు నీది, ఒకటి నాది. పన్ను నొస్తాంది, పెట్టేస్తాండా.”

ఆదివారం ఆమె ఎంబసీకి పోలేదు. శనివారం పన్ను పీకించుకుని, ఎంబసీ కోసమని అడిగి తీసుకున్న ఆదివారపు సెలవు గ్రేస్ రూమ్‌లో పడుకుని గడిపింది. తరవాత రెండేళ్లకు రాయచోటి నుంచి తన దోసెల కొట్టు ఫోటో పంపింది. బోర్డు మీద అక్షరాలు నా అట్టముక్క మీదవాటికన్నా చక్కగా ఉన్నాయి.

నా బోర్డు నేను మార్చలేదు. దానిలోని తప్పుకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. సరిగ్గా రాసుంటే ఆమె నా దగ్గరికి వచ్చేదే కాదు. పన్ను గురించి సందేహం ఉన్నవాడు అడుగుతాడు, భయం ఉన్నవాడు అడగకుండా సంతకం పెడతాడు. అందుకని ఆ తరవాత ఎవరొచ్చినా, అడిగినదానికి జవాబు చెప్పాక మరొకటి నేనే అడిగేవాణ్ణి: సంతకం పెట్టమని మీకెవరైనా కాగితం పంపారా?