పసుపు పడుగు

మొన్న హుస్నాబాద్ దగ్గర మా చెల్లెలి మనవడి మిరపతోటకు వెళ్తే, సాళ్ల మధ్య కర్రలకు పసుపు అట్టలు వేలాడుతున్నాయి. జిగురు పూసిన ఆ అట్టల నిండా నల్లని చుక్కల్లా చిన్న చిన్న పురుగులు. "పురుగు కంటికి పసుపు కనబడితే లేత ఆకనుకుంటది అమ్మమ్మా, ఉరికొచ్చి అతుక్కుంటది" అని వాడు సంబరంగా చెబుతున్నాడు. నాకిది తెలుసని చెప్పలేదు. మాకది తెలిసిన తీరు సంబరంగా చెప్పుకునేది కాదు.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలు. కరీంనగర్ జిల్లాలో మాది మగ్గం ఇల్లు. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. బాపు నేసేవాడు, అవ్వ నూలుకు రంగులు వేసేది, పెళ్లీడుకొచ్చిన నేను నూలును కండెలకు చుట్టేదాన్ని. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే చీర నిలువు దారాలను, బారుగా సాగదీసి గంజి పట్టించాలి. మా గల్లీలో ఆ పని పెద్ద తమాషా. ఎడ్లబండి వస్తే పడుగు ఎత్తాలి, మేక దూరితే బాపు గంజి పట్టించే కుంచె పట్టుకుని ఉరకాలి. ఆయన తిట్లు వినడానికే కొందరు అరుగుల మీద చేరేవారు. అది చూసి బాపు దోస్తు, మేము తోటమామ అని పిలిచే ఆయన, "గీ గల్లీల ఎందుకు పరేషాన్ అయితవ్ బావా? మా తోటకాడికి రా, జాగ ఉత్తగనే ఉన్నది" అన్నాడు. అప్పటి నుంచి మా పడుగులన్నీ ఆయన తోట వెనక వేపచెట్ల పక్కనే ఆరేవి. పని కాగానే ఇద్దరూ ఒకే అగ్గిపుల్లతో చుట్టలు ముట్టించుకునేవారు.

ఒక చలికాలం కొంచెం పసుపు నూలు ఆరేస్తే, దాని మీద పేనుబంక వాలింది. లేత ఆకుల రసం పీల్చే పురుగది. పక్కనున్న ఎర్రనూలుదీ అదే గంజి, అదే వాసన, అయినా దాని మీద ఒక్కటీ లేదు. బాపు నవ్వుతూ దులిపేశాడు. తోటమామ నవ్వలేదు. వంగి చాలాసేపు చూసి, మిరపసాళ్లలోకి పోయి ఆకులు తిరగేశాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకే పట్నం షావుకారు పెళ్లిచీరలు నేయమన్నాడు, అన్నీ పసుపువే. అంత పెద్ద పని బాపుకు అదే మొదలు. ఈసారి పడుగు సాగదీసి కట్టే గుంజలు తోటమామే పాతాడు, మిరపను ఆనుకుని. "గిక్కడైతే ఎండ మంచిగ తగుల్తది బావా" అన్నాడు. మేం గంజి పట్టించి, ఇంటికి పోయి అన్నం తిని వచ్చేసరికి పడుగంతా పురుగు. తడిగంజిలో అతుక్కుపోయి రెక్కలు కొట్టుకుంటోంది. కుంచెతో దులిపితే నలిగి మరకలైంది; ఉతికితే రంగు మచ్చలు మచ్చలుగా వెలిసింది. బాపు అలాగే నేశాడు. షావుకారు మొదటి చీర మడత విప్పి, మిగతావి విప్పకుండానే వెనక్కి తోశాడు. అవ్వ వాటన్నిటినీ నల్లరంగులో ముంచింది.

అసలు సంగతి తోటమామ భార్య నోటనే బయటపడింది. అత్తకు కల్లాకపటం తెలియదు. బావి దగ్గర అవ్వతో, "మీ పసుపు నూలు పుణ్యమా అని మా మిరప బతికిందొదినె. పురుగు దానిమీదికే ఉరుకుతదని ఆయన ముందే కనిపెట్టిండు" అంది. అవ్వ నీళ్లు తోడకుండానే ఇంటికొచ్చింది.

బాపు తోటకు వెళ్తుంటే భయమేసి నేనూ వెంట పోయాను. కొట్లాట కాలేదు. "నీకు ముందే తెల్సా?" అని మాత్రం అడిగాడు.

తోటమామ తల దించుకుని, "గింత పురుగొస్తదనుకోలే. తోట పోతే మేమెట్ల బతకాలె, నువ్వే చెప్పు" అన్నాడు.

"అడిగితే ఇంట్ల ఉన్న పసుపు గుడ్డలన్నీ తెచ్చి నీ తోట సుట్టు కట్టేటోణ్ణి గదా బావా" అన్నాడు బాపు.

పంట చేతికొచ్చాక తోటమామ గంపెడు పండుమిర్చి పంపాడు. అవ్వ దాన్ని గడప దాటనివ్వలేదు. పడుగు మళ్లీ గల్లీలోకి వచ్చింది, బండ్లకూ మేకలకూ మధ్య. కానీ బాపు తిట్టడం మానేశాడు, అరుగుల మీద జనమూ తగ్గారు.

ఇద్దరూ ఆ ఊళ్లోనే ముసలివాళ్లయ్యారు. ఎదురుపడితే వానల గురించీ, ధరల గురించీ మాట్లాడుకునేవారు. బాపు ఆయన్ని బావా అని పిలవడం మాత్రం మళ్లీ వినలేదు. గడిచిన ఏళ్లు బాపు కోపాన్ని ఎప్పుడో తీసుకుపోయాయి. ఆ పిలుపును మాత్రం తిరిగి తెచ్చివ్వలేకపోయాయి.