కుందేళ్లకు వేసిన విస్తరి

మా అత్త పోయింది. పెరట్లో కుందేళ్లకు గడ్డి వేస్తుంటే మా ఆయన వచ్చి, గుమ్మం పట్టుకుని, "అమ్మ నేదు" అన్నాడు. చేతిలో ఉన్న గడ్డి వేసేసి, గూళ్ల గడియలు పెట్టాకే నేను ఇంట్లోకి వెళ్లాను. తలుపులు తీసి వదిలేసి ఏడవడానికి పరిగెత్తి ఉంటే కుక్కలు వచ్చేవి. ఆవిడ చచ్చి కూడా నన్ను తిట్టి ఉండేది.

వచ్చినవాళ్లంతా "సానా మంచిది" అన్నారు. నేను తల ఊపలేదు. ఆ మాట ఆవిడ మీద నిలవదు. సాలూరు పక్కన పల్లంలో పుట్టి ఈ కొండకు కోడలిగా వచ్చిన కొత్తలో నేను రాగి అంబలి మాడబెట్టాను. ఆవిడ ఆ కుండను కడగనివ్వలేదు. వాకిట్లో బోర్లించి పెట్టి, నీళ్లకు వెళ్లే ప్రతి ఆడమనిషినీ ఆపి చూపించింది. "మా కోడలు సేసినాది. వాసన సూడండి," అంది. నేను మళ్లీ అంబలి మాడబెట్టలేదు. అందుకు ఆవిడను క్షమించిందీ లేదు.

కుందేళ్లు నా సరదా. అరకు చూడటానికి వచ్చేవాళ్లకు మా ఇంట్లో రెండు గదులు ఇస్తాం. వాళ్ల పిల్లలు ఆడుకుంటారని సంతలో ఒక తెల్లదాన్నీ ఒక బూడిదరంగుదాన్నీ కొన్నాను. రెండూ మగవే, ఒక్క ఈతలో పుట్టిన అన్నదమ్ములు. "కోసుకు తిననిదాన్ని పెంచడవేటి?" అని మా అత్త మూతి తిప్పింది. చిన్నప్పుడు ఒకదాని మీద ఒకటి పడుకునేవి. ఈడుకు వచ్చాక ఒక మధ్యాహ్నం గూట్లోంచి అరుపు వినబడింది. కుందేలుకు గొంతు ఉంటుందనే నాకు అప్పటిదాకా తెలియదు. రెండూ ముద్దగా దొర్లుతున్నాయి. బొచ్చు కుచ్చులు కుచ్చులుగా లేస్తోంది. నేను చెయ్యి పెట్టబోతే మా అత్త జడ పట్టుకుని వెనక్కి లాగింది.

"సెయ్యెడతావేటి? ఏలూడిపోద్ది."

చీపురుతో రెంటినీ విడదీసి, ఒకదాని మీద బుట్ట బోర్లించింది. తెల్లదాన్ని తువాలులో చుట్టేసింది, తల ఒక్కటే బయటికి ఉండేలా. చీకటి గదిలోకి తీసుకెళ్లి దీపం పెట్టించి, కాచి చల్లార్చిన ఉప్పునీళ్లు తెమ్మంది. తువాలు కొంచెం కొంచెమే తొలగిస్తూ, తడివేళ్లతో బొచ్చు పాయలు తీసి చెవి మొదలు నుంచి తోక దాకా వెతికింది. గాటు దొరికిన చోటల్లా బొచ్చు కత్తిరించి, నీళ్లు పోసి కడిగింది. అది వణికిపోతోంది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడుపు మందయితే తే, ఇక్కడ పొయ్యి," అంది తల ఎత్తకుండా. "కాపోతే దీపం అటు తిప్పు."

పొట్ట కింద ఒక గాటు మా ఇద్దరి కంటా పడలేదు. పైకి మూసుకుపోయి, కొన్నాళ్లకు నిమ్మకాయంత వాచింది. పశువుల డాక్టరు దాన్ని కోసి, రోజూ కడగమని మందునీళ్లిచ్చాడు. లోపలి చీము కారలేదు, గడ్డపెరుగులా ముద్దలు ముద్దలుగా వచ్చింది. మర్నాడు నేను పైపైన తుడిచి లేవబోతే మా అత్త నా చెయ్యి పట్టుకుని మళ్లీ గాయం మీద పెట్టింది. "మీదన మూసుకుంటే మానినట్టు కాదే గుంటా. లోపల్నుంచి రావాల. నొక్కు," అంది. నొక్కాను. అది అరిచింది. ఇంకా నొక్కమంది.

ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి మీకు చెప్పాలి. అయినవాళ్లు తగువు పడి మాటలు మానేస్తే పెద్దలు ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒక్క అడ్డాకు విస్తట్లో అన్నం పెడతారు. కలిసి తిని లేచాక పాతమాట ఎత్తకూడదు. మా అత్తకూ ఆవిడ తమ్ముడికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. మా మామకు జ్వరం ముదిరినప్పుడు రోడ్డు దాకా డోలీలో మోసుకెళ్లాలి. ఊళ్లో మగవాళ్లు చాలక మా అత్త పై ఊరిలో ఉన్న తమ్ముడికి కబురు పెట్టింది. ఆయన సంతలో తాగి పడుకుని ఉన్నాడు, రాలేదు. ఆయన కోసం చూసి చూసి ఆలస్యంగా బయల్దేరారు. మామ దారిలోనే పోయాడు. ఏటా పండగకు పెద్దలు వచ్చి, "ఒక్క ఇస్తట్లో కూకోండమ్మా," అనేవారు. ఆవిడ ఊఁ అనేది కాదు, ఉఁహూఁ అనేది కాదు.

తెల్లదాని గాయాలు మానాక, పండగ ముందర, ఆవిడ హఠాత్తుగా, "ఈటికి ఒక్క ఇస్తట్లో ఎడదాం," అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. స్నానం చేసి వచ్చి, పెరట్లో అలికి, అడ్డాకు విస్తరి వేసి, రాగులూ ఆకుకూరా పెట్టింది. పెద్దలు కూర్చున్నట్టే పక్కన కూర్చుంది. రెండూ వచ్చాయి. ముక్కూ ముక్కూ తగులుతుండగా తిన్నాయి.

"సూసినావా," అంది మా అత్త. ఆ గొంతులో అంత మెత్తదనం నేను అంతకుముందు వినలేదు. ఆవిడ చూస్తున్నది కుందేళ్లను కాదని అప్పుడు నాకు అర్థమైంది.

విస్తరి ఖాళీ కాకముందే బూడిదది ఎగిరింది. మగ కుందేలుకు పగవాణ్ణి ఎక్కడ కొరకాలో తెలుసు. మేం లాగేలోపు తెల్లదాని వృషణాలు చీరేసింది. డాక్టరు వచ్చి మిగిలినది కోసేసి కుట్లు వేశాడు. వేస్తున్నంతసేపూ మా అత్తే పట్టుకుంది. రెప్ప కూడా వేయలేదు. తర్వాత నన్ను ముట్టనివ్వకుండా తానే కడిగింది, తానే గడ్డి తినిపించింది. అది బతికింది.

"ఇంక జన్మలో కలపకండి. గూళ్లు ఆనించి పెట్టినా వలలోంచి ముక్కులు కొరుక్కుంటాయి, ఎడం ఉంచండి," అన్నాడు డాక్టరు. ఆవిడ రెండు గూళ్ల మధ్య జానెడు కొలిచి రాళ్లు పాతింది. అప్పట్నుంచి అవి ఒకదాన్నొకటి చూసుకుంటూ తింటాయి. పండగకు పెద్దలు వస్తే, "కుందేళ్లకి ఎట్టి సూసినాను, ఎల్లండి," అంది.

"కుందేళ్లూ మనుషులూ ఒకటేనా అత్తా?" అన్నాను వాళ్లు వెళ్లాక.

"మనిసయితే డోలీ మోసీవోడు."

ఆవిడ క్రూరురాలే. కాని నా కాన్పు కుట్లు చీము పట్టి, ఆ వాసనకు మా ఆయన కూడా వసారాలో పడుకున్నప్పుడు, మోకాలితో నా కాలు అదిమి పెట్టి రోజూ కడిగింది ఆవిడే. "ఏడువు, కదలకు," అనేది. మా అమ్మ వచ్చింది గాని చూడలేక మొహం తిప్పుకుంది. నేను బతికి ఉన్నాను. అది ఊరికే చెప్పే మాట కాదు.

చివరికి ఆవిడ కడుపులో గడ్డ ఉందన్నారు. విశాఖలో కోసి చూసి, మళ్లీ కుట్టేసి ఇంటికి పంపేశారు. ఆ సంగతి పై ఊరికి చేరింది. వానలో తడుస్తూ ఆవిడ తమ్ముడు వచ్చి, కంచె దగ్గర నిలబడ్డాడు. తల నెరిసిపోయింది. వెనక ఇద్దరు పెద్దలున్నారు. పొమ్మంటుందనే అనుకున్నాను. నన్ను పిలిచింది.

"లేపి కూకోబెట్టు. రెండిస్తళ్లు తే."

"ఒక్కటి కదమ్మా ఎయ్యాల," అన్నాడు ఒక పెద్దాయన.

"రెండు," అంది.

వేశాను. వాటి మధ్య జాన చాపి కొలుచుకుని, చాలలేదని ఇంకొంచెం జరిపించింది. అన్నం, ఎండుచేపల పులుసు వడ్డించాను. ఆయన చెయ్యి అన్నంలో పెట్టి, "అప్పా," అని అక్కను పిలిచి ఏడుపందుకున్నాడు.

"తిను. ఏడిస్తే ఉప్పెక్కువయిపోద్ది," అంది.

ఆయన తన విస్తట్లోంచి ఒక చేపముక్క తీసి ఆవిడ విస్తట్లో పెట్టబోయాడు. ఆవిడ వేలితో వెనక్కి తోసింది. వంచిన తల ఎత్తకుండా ఆయన మెతుకు మిగల్చకుండా తిన్నాడు. ఆవిడ వేళ్లు అన్నంలో కదులుతూనే ఉన్నాయి. ఆయన తినడం అయ్యేదాకా అలా కదిలించి, చెయ్యి తీసి, నా భుజం మీద వాలిపోయింది.

విస్తళ్లు ఎత్తడానికి వంగాను. ఆయనది తుడిచినట్టుంది. ఆవిడది నేను వడ్డించినంతా అలాగే ఉంది. అప్పటికి ఆవిడకు మంచినీళ్లే గొంతు దిగడం లేదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండా ఆయన ఆ అన్నం వైపే చూస్తూ కూర్చున్నాడు.