మోగని బండ

మా నాయిన తాండూరు గనులల్ల ముప్పయి ఏండ్లు నాపరాయి తీసిండు. బండ మీద మెటికెలతోని కొట్టి, మోత విని, లోపల పగులున్నదో లేదో చెప్తడు. మొన్న పట్నంల ఆయనకు కండ్లు చూపిచ్చినంక రైలుకు టైమున్నదని, బిషప్పు కూసునే పెద్ద చర్చి, పాత కెథడ్రల్‌కు తీస్కపోయిన. ఆడ ఫొటో దిగాలెనని నాకే ఆశ.

లోపల అందరు మోకాళ్ల మీద ఉన్నరు. నాయిన గూడ వంగిండు. మొక్కుతున్నడనుకున్న. నేల మీద ఉన్నది మా దిక్కు నాపరాయే. ఒక్కొక్క బండకు చెవి ఆనిచ్చి, మెటికెతోని కొట్టుకుంట ముందుకు పాకుతున్నడు. ప్రార్థన నడుమ "గిది మోగుతలేదు బిడ్డా, పగిలింది" అని గట్టిగ అన్నడు. అందరి తలకాయలు మా దిక్కు తిరిగినయి.

పక్కనున్నామె "ఈయన మీతో వచ్చారా?" అనడిగింది.

"ఎవరో నాకు తెల్వదు" అన్న.

నాయినకు చూపు తక్కువ గని చెవులు మస్తు పనిచేస్తయి. లేచి చేతులు దులుపుకున్నడు.

రైల్ల నాకెదురుంగనే కూసున్నడు. శంకర్‌పల్లి దాటినంక టీసీ వచ్చి టికెట్ అడిగితే లేదన్నడు. "నీతోని ఎవరన్న ఉన్నరా?" అంటే, నా దిక్కు మొహం పెట్టి "ఎవ్వలు లేరు సార్" అన్నడు. గంత పౌరుషమైతే దిగిపోనీ అని నేను నోరు తెరవలే. వికారాబాద్‌ల దింపేసిన్రు. గోడ పట్టుకొని నడుస్తుంటె కిటికీలకెల్లి చూసిన.

తాండూరు దాక తీసిన రెండు టికెట్లు నా సంచిలనే ఉన్నయి.