ముల్లు తనిఖీ చేసితిని

రిటైర్మెంటుకు పదకొండు నెలలుండగా, రెండేళ్ల కిందటి ఆగస్టులో, నన్ను నంద్యాల, ఆళ్లగడ్డల్లో పాత రికార్డుల పరీక్షకు వేశారు. అప్పటికి నేను రేడియో కేంద్రంలో సీనియర్ సౌండ్ ఇంజనీరును. ఇళ్లల్లో మిగిలిపోయిన రికార్డులను అక్కడికే వెళ్లి విని, ‘ఎ’, ‘బి’, ‘సి’ అని తరగతి వేయాలి. మొదటి రెండూ కంప్యూటర్లోకి ఎక్కుతాయి, ‘సి’ అటక ఎక్కుతుంది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో శబ్దం విషయంలో నాకు ఎవరూ ఎదురు చెప్పలేదు. చెప్పినా నేను వినేవాణ్ణి కాదు, అది వేరే సంగతి.

పద్ధతి ఇదీ. రికార్డును వెలుతురుకు ఏటవాలుగా పట్టి గీతలు చూడాలి. మెత్తటి బ్రష్షుతో దుమ్ము తీయాలి. ప్లేయర్ చేతికి చివర ఉండే వజ్రపు ముల్లును భూతద్దంతో చూడాలి. మొన చిట్లిందంటే అది పాట పాడించదు, రికార్డు గాడిని చెక్కుతుంది. ఆ తర్వాత ఒక్కసారి, ఒక్కసారే వినాలి. పత్రంలో ‘ముల్లు తనిఖీ చేసితిని’ అన్న గడిలో సంతకం పెట్టాలి. నేను అనుభవజ్ఞుణ్ణి కాబట్టి యాభై పత్రాల మీద ఆ సంతకాలు ఆఫీసులోనే కానిచ్చేశాను. భూతద్దం బీరువాలో క్షేమంగా ఉంది.

ఉదయం నంద్యాలలో నగల అంగడి సుబ్బయ్య శెట్టి ఇంట్లో మొదలుపెట్టాను. ప్లేయర్‌కు అదురు తగలకుండా కింద రెండంగుళాల బేతంచెర్ల బండ వేయించుకున్నాడు. అంతవరకు బుద్ధిమంతుడే. కానీ ఏటా ఆయుధపూజకు త్రాసుతో పాటు రికార్డులకూ కుంకుమబొట్లు పెడతాడట. ఆ కుంకుమ రాలి గాడుల్లో చేరింది. నేను వెంట తెచ్చుకున్న ప్లేయర్‌ను ఆ బండ మీదే పెట్టి పాట మొదలుపెడితే పోపు వేసినట్టు చిటపటలు.

“పాత రికార్డన్నాక ఆమాత్రం వెచ్చదనం ఉండల్ల సార్” అన్నాడు.

ఆ వెచ్చదనానికి దండం పెట్టి, తొమ్మిదింటికీ ‘సి’ వేసి ఆళ్లగడ్డ బస్సెక్కాను.

అక్కడ ఎస్తేరమ్మ టీచర్ ఇల్లు. నాకంటే రెండేళ్లు పెద్ద. ఆమె భర్త దేవదానం చర్చి పాటల బృందానికి గురువు. బృందమంతా మద్రాసు వెళ్లి పాడివచ్చిన ఒక్క రికార్డులోనే ఆయన గొంతు మిగిలింది. మరో ప్రతి ఎక్కడా లేదు. అరిగిపోతుందన్న భయంతో ఆమె నెలకొక్కసారే, ఆయన పోయిన తారీఖున, వింటుందట.

“దీన్ని ఎక్కించుకోండి సార్. ఇంగ నాకు బెంగుండదు” అంది.

నా ప్లేయర్ మీద పెట్టాను. మొదటి పాటే దేవదానం ఒక్కడే పాడినది. గొంతు నిండుగా ఉంది, ఎక్కడా మచ్చ లేదు. ‘ఎ’ రాయబోతుంటే ఆమె ముఖం చిట్లించింది.

“సకారం వచ్చినకాడల్లా బుస కొడతాంది సార్. మీకు వినపళ్యా?”

బుసా? ముప్పై నాలుగేళ్లు శబ్దాన్ని కాచుకున్న చెవికి అందనిది, ఎక్కాలు అప్పజెప్పించుకున్న చెవికి అందిందా! వయసు పైబడితే చెవుల్లో హోరు సహజమేనమ్మా అని ఓదార్చాను.

“నా రికార్డు నాకు తెల్వదా? నెలనెలా వింటాండా. ఈ బుస ఎన్నడూ ల్యాకపోయె.”

నిరూపించడం నా ధర్మమనిపించింది. ఒక్కసారే వినాలన్న నియమాన్ని పక్కనపెట్టి రెండోసారి వేశాను. నాకేం వినపడలేదు. మూడోసారి వేశాను. పాట సగంలో ఉండగా ఆమె లేచి వచ్చి, నన్నడగకుండానే ప్లేయర్ చేయి ఎత్తి పక్కన పెట్టేసింది.

“చాలు సార్. మీరు వినేది ల్యా, అరగదీస్తాండారు.”

నాకు ఒళ్లు మండింది. ఆమెది తప్పని రుజువు చేద్దామనే, తిరుగు ప్రయాణంలో నంద్యాలలో దిగి శెట్టి అంగడికి వెళ్లాను. వజ్రాలు చూసే అద్దం ఆయన దగ్గర ఉంటుంది కదా. శెట్టి ముల్లును అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మొన యాడుంది సార్? సగం ఎగిరిపోయిండాది. నా తొమ్మిదీ దీంతోనే వాయించినారా?”

ఈసారి ఆయన మాటలో వెచ్చదనం లేదు.

మరుసటి వారం చెవుల డాక్టరు దగ్గర కూర్చున్నాను. సన్నటి శబ్దాలు, అంటే సకారాలు, బుసలు, నాకు అందడం మానేసి చాలా ఏళ్లయి ఉంటుందట. ఈమధ్య రికార్డులన్నీ అంత శుభ్రంగా ఎందుకు వినిపిస్తున్నాయో అప్పుడర్థమైంది. నా వల్ల ‘ఎ’ దక్కించుకున్న చెత్త ఎంతుందో ఆఫీసులో ఎవరూ అడగలేదు. నేనూ నోరు విప్పలేదు, సిగ్గుచేటు.

ఎస్తేరమ్మ రికార్డు గురించి మాత్రం సంజాయిషీ రాశాను. కొత్త ముల్లుతో మరో ఇంజనీరు దాన్ని ఎక్కించాడు. మిగతా పాటలు బాగున్నాయి. దేవదానం పాటలో మాత్రం నేను చెక్కిన బుస ఉండిపోయింది. దాన్ని పూర్తిగా తీస్తే గొంతు కూడా పలచబడుతుందన్నాడు.

పెన్‌డ్రైవ్ ఇవ్వడానికి నేనే ఆళ్లగడ్డ వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. ఆమె పాట చివరిదాకా విని, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“గొంతు మా ఆయనది, బుస మీది. ఇంగేం జేస్తాం సార్, ఇద్దర్నీ కలిపే వింటా.”

రికార్డుకు ముందు ముల్లును, ముల్లుకు ముందు చెవిని పరీక్షించుకోవాలి. మా పత్రంలో ముల్లుకు గడి ఉంది, చెవికి లేదు. ఉన్నా, దాంట్లోనూ ఆఫీసులోనే సంతకం పెట్టేసి ఉండేవాణ్ణి.